బ్లాస్టింగ్ అయ్యాక దొరకని డేటాబేస్

గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ గనికి దగ్గరగా ఉన్న మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. బొగ్గు కోసం మందు పెట్టి పేల్చే బ్లాస్టింగ్ ఉన్న రోజున సైరన్ మోగగానే గూట్లోని గాజు గ్లాసులు కిందికి దించుతాం, టీవీ ఆపేస్తాం. మా ఇంట్లో అదనంగా నా కంప్యూటర్ ఆపి, మానిటర్‌ని పరుపు మీద బోర్లా పడుకోబెడతాం. ఈ విషయంలో మా అత్తమ్మ గనిలో భద్రత చూసే షిఫ్టు సర్దార్ కంటే కఠినం.

"బిడ్డా, సైరన్ కొట్టింది. జల్ది బంద్ చెయ్యి!"

ఆ శుక్రవారం కూడా బంద్ చేశాను. ఇల్లు అదిరింది, గ్లాసులు మళ్లీ గూటికెక్కాయి. తీరా కంప్యూటర్ పెట్టి చూస్తే, పొద్దున శుభ్రంగా నడిచిన నా ప్రోగ్రాం తనకు డేటాబేస్ దొరకడం లేదంటోంది. డేటాబేస్ ఉన్నది విండోస్‌లో. ప్రోగ్రాం నడిచేది అదే మెషీన్ లోపల ఆ వారమే ఎక్కించుకున్న లినక్స్‌లో. ఒకే ఇంట్లో రెండు గదులు, వాటి మధ్య మాటల్లేవు.

బ్లాస్టింగ్ తర్వాత ఇలా కావడం ఆ వారంలో రెండోసారి. మొదటిసారి అంతా తీసేసి కొత్తగా ఎక్కిస్తే నడిచింది. ఈసారి అంత టైం లేదు. హైదరాబాద్ నుంచి మా సార్ పొద్దున్నే ఫోన్లో తేల్చేశాడు: "సాయంత్రం క్లయింట్‌కు చూపించాలమ్మా. ఇదీ కాకపోతే సోమవారం నుంచి ఆఫీసుకే వచ్చెయ్యండి. ఇంటి నుంచి పని ఇక కుదరదు."

ఎలా పోను? పక్క గదిలో నా భర్త మంచం మీద ఉన్నాడు. డ్యూటీ నుంచి వస్తూ బండి మీంచి పడ్డప్పటి నుంచి నడుం కింద కదలిక లేదు. మాటిమాటికీ పక్కకు తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఆయన్ని తిప్పడం అత్తమ్మ ఒక్కదాని వల్ల కాదు.

ఇక్కడ ఏది చెడినా ముందు బ్లాస్టింగ్‌నే తిడతాం. పాలు విరిగినా దాని మీదికే తోస్తాం. నేనూ అంతే, అదురుకు లోపల ఏదో వదులైందనుకున్నాను. డబ్బా విప్పి తీగలన్నీ నొక్కాను. పాస్‌వర్డ్ మార్చాను, ఫైర్‌వాల్ ఆపాను, సర్వర్‌ని పడుకోబెట్టి లేపాను. ఎన్ని చేసినా అదే ఎర్రక్షరాల మొండి జవాబు. కీబోర్డు మీద తల పెట్టి బావురుమన్నాను.

ఏడుపు తగ్గాక బుర్ర కాస్త పనిచేసింది. రాత్రిళ్లు కూడా ఆపని మెషీన్‌ని నేను ఆపేది బ్లాస్టింగ్‌కే. ఆగి లేచినప్పుడల్లా, లినక్స్ విండోస్‌ను చేరుకునే అడ్రస్‌లోని అంకెలు మారిపోతాయి. నేనేమో ఎక్కించిన రోజు కనిపించిన అంకెల్ని సెట్టింగుల్లో రాసేసి, అవే శాశ్వతం అనుకున్నాను. కొంప ముంచింది అదురు కాదు, మేం జాగ్రత్తగా ఆపిపెట్టడమే.

కొత్త అంకెలు చూసి వేశాను. కలిసింది. క్లయింట్‌కు చూపించడమూ అయింది. "సరే, ఇప్పటికి ఇంటి నుంచే కానివ్వండి" అన్నాడు సార్.

సంతోషం పట్టలేక పక్క గదిలోకి పరుగెత్తాను. ఆయన మధ్యాహ్నం నేను పడుకోబెట్టిన వైపే ఉన్నాడు. మొహమంతా చెమట, పళ్లు బిగపట్టి ఉన్నాడు.

"నన్ను పిలవొద్దా?" అన్నాను.

"నువ్వు ఏడుస్తుంటె ఇనవడ్డది. గప్పుడు ఎట్ల పిలవాలె?" అన్నాడు. "పని అయ్యిందా? అయితే జర ఈ పక్కకు తిప్పు."