మేకకు అయిదో కాలు

మా పిన్నికి కోపం రాదని అందరూ అంటారు. అబద్ధం. దర్జీ కొట్లకు కాజాలు కుట్టే మనిషికి కోపం తెచ్చుకునే తీరిక ఉండదు, అంతే. ఆవిడ వాటా కోపం కూడా ఇన్నేళ్లుగా నాకే వస్తోంది.

బాబాయి దుకాణాలకు బోర్డులు రాసేవాడు. పని లేనప్పుడు పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో బొమ్మలు గీసుకునేవాడు. బతికుండగా వాటిని పట్టించుకున్న నాథుడు లేడు. పోయాక మాత్రం మ్యూజియం వాళ్లు కారేసుకుని వచ్చి, తమ లైబ్రరీలో భద్రంగా ఉంచుతామని కట్టగట్టి పట్టుకెళ్లారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చూసుకోవచ్చన్నారు. పిన్ని ఆ మాట నమ్మి తలూపింది.

ఇవాళ ఆవిడ చూడాలనుకున్నది ఒక్క మేక బొమ్మే. మేకను గీసింది బాబాయి. అది పడిపోకుండా దానికి అయిదో కాలు పెట్టింది వాళ్ల నాలుగేళ్ల పాప. ఆ వానాకాలంలోనే జ్వరమొచ్చి పాప పోయింది. ఫొటో అయినా లేదు. పాప చేతి గుర్తుగా మిగిలింది ఆ కాలొక్కటే.

మ్యూజియం గుమ్మం దగ్గరే మా సంచి పెట్టించేశారు. పెన్ను లాక్కున్నారు. చేతులు కడిగించారు. "మీరు ఏ సంస్థ నుంచి వచ్చారు?" అని అడిగింది కౌంటరులో అమ్మాయి.

"ఇంటి నుంచి" అంది పిన్ని.

నాకు ఒళ్లు మండింది. కట్టుకున్నవాడు గీసిన బొమ్మ చూడటానికి సంస్థ దేనికి?

చదువుకునే గదిలో పొడుగాటి బల్ల ముందు కూర్చున్నాం. లైబ్రరీ అధికారి తెల్లటి అట్టపెట్టె తెచ్చి, లైటు కింద మేకను పరిచాడు. దానికి నాలుగు కాళ్లే ఉన్నాయి.

"అయిదోది ఏదండీ?" అంది పిన్ని.

"అదా అమ్మా" అని ఆయన మురిసిపోయాడు. "ఎవరో పిల్లలు పిచ్చిగీతలు గీసి పాడుచేశారు. మావాళ్లు వారం రోజులు కూర్చుని, కాగితం నలక్కుండా చెరిపారు. చూడండి, ఎంత శుభ్రంగా ఉందో."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అది ఆవిడ కూతురు గీసిందండీ. చచ్చిపోయిన కూతురు. చెరిపేముందు ఒక్కమాట అడగడానికి మీ నోరేమైంది?" గట్టిగానే అన్నాను. చదువుకుంటున్నవాళ్లు తలలెత్తి చూశారు. ఆయన ముఖం పాలిపోయింది. అయినా పాపం అనిపించలేదు నాకు.

"చెరిపినప్పుడు రాలిన రబ్బరు పొట్టు ఉందా?" అంది పిన్ని.

"అది... ఊడ్చేస్తామమ్మా."

పిన్ని మేక పొట్ట కింద ఖాళీ మీద చూపుడువేలు పెట్టింది.

"ముట్టుకోకూడదమ్మా" అన్నాడాయన.

పిన్ని వేలు తీయలేదు. కరెంటు పోయినా గుడ్డ మీద కాజా ఎక్కడుందో తడిమి పట్టుకునే వేలది. మెల్లగా కిందికి జారి, ఒకచోట ఆగి, మళ్లీ పైకి వెళ్లింది. తర్వాత నా చెయ్యి లాగి అక్కడ పెట్టింది. సన్నటి గాడి తగిలింది. పాప ఎప్పుడూ పెన్సిలు అదిమిపట్టి గీసేది.

"ఏమైనా ఉందామ్మా అక్కడ?" అంటూ ఆయన వంగి చూశాడు.

"ఏం లేదు బాబూ" అంది పిన్ని. ఆయన అటు తిరగ్గానే నా చెవి దగ్గర పళ్లు బిగబట్టి అంది. "నోరెత్తకు. తెలిస్తే దీన్ని కూడా చదును చేసేస్తారు."