ఎల్డికా బొడ్డుచెట్టు

"ఈ అడవిని ఇంతవరకూ మనిషి చెయ్యి తాకలేదండీ!" అని గైడు ఓస్బర్ట్ గొంతెత్తి చెబుతుంటే ఊరంతా టాంటీ అని, అంటే అత్తా అని పిలిచే ఎల్డికాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ మాట చెబుతున్నవాడు ఎక్కడ నిలబడ్డాడు? ఆమె నాన్న నాటిన సీమపనస చెట్టు కింద. కాలు దేని మీద పెట్టాడు? ఆమె అమ్మ కోకో టీ కాచిన పొయ్యిరాయి మీద. ఓడ దిగి వచ్చిన యాత్రికులు తలలు పైకెత్తి, నోళ్లు తెరుచుకుని వింటున్నారు. ఎల్డికా మెడలో అమ్మకానికి తెచ్చిన జాజికాయల దండలు వేలాడుతున్నాయి. ఆమె వాటిని ఒక చేత్తో పట్టుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"మరి నేనెవర్నిరా? దయ్యాన్నా? నేను పుట్టింది ఇదిగో, నువ్వు నిలబడ్డ ఈ చోటే! ముందు ఆ కాలు తియ్యి పొయ్యి మీద నుంచి!"

ఓస్బర్ట్ నాలుక కరుచుకున్నాడు. యాత్రికులు మాత్రం ఇదంతా తమ కోసం ఏర్పాటు చేసిన వేడుక అనుకుని చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఎల్డికాను ఫొటో కూడా తీసింది.

మోర్న్ పటాట్ ఊరు ఇప్పుడు రోడ్డు పక్కకు దిగింది గానీ, ఎల్డికా పుట్టేనాటికి అది కొండ మీదే ఉండేది. గ్రెనడా దీవిలో బిడ్డ బొడ్డు ఊడగానే పెరట్లో పాతిపెట్టి, దాని మీద ఒక మొక్క నాటుతారు. ఆ చెట్టు ఆ బిడ్డది. తల్లయినా సరే, అడగకుండా దాని కాయ కోయదు. నీదే ఊరని పెద్దయ్యాక ఎవరైనా అడిగితే, నా బొడ్డు ఫలానా చోట ఉంది అంటారు. అంతకు మించిన చిరునామా ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఎల్డికా నాన్న కూతురి బొడ్డు మీద సీమపనస పిలక నాటాడు. పిల్ల ఏనాడూ ఆకలితో పడుకోకూడదని ఆయన ఆశ. ఆ ఆశ ఉత్తది కాలేదు. మొగుడు ట్రినిడాడ్ వెళ్లి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నా, ఇద్దరు పిల్లల్ని ఆ చెట్టు కాయలు నిప్పుల మీద కాల్చి పెట్టే పెంచింది.

ఒక వానాకాలం కొండ చరియ విరిగితే, పట్నం పెద్దలు వచ్చి అందర్నీ కిందికి దించారు. నేల గట్టిపడ్డాక మళ్లీ పైకి వెళ్దురుగాని అన్నారు. నేల గట్టిపడింది గానీ, ఆలోపే దాని చుట్టూ గీత గీసి అభయారణ్యం అని పేరు పెట్టారు. గేటు కట్టారు, టికెట్ పెట్టారు, గేటు పైన కోతి బొమ్మ వేశారు. సొంత పెరట్లోకి పోవడానికి ఎల్డికా జాజికాయల దండలు అమ్ముకునే ఆడమనిషి అవతారం ఎత్తాల్సి వచ్చింది. దండలు అమ్మేవాళ్లకు మాత్రం టికెట్ లేదు మరి.

ఇదంతా ఆమె దిగమింగింది. చెట్టు చెట్టుగా ఉన్నంతకాలం గేటు ఎవరు కాస్తే ఏం అనుకుంది.

తర్వాత కెర్లన్ అక్కడికి అధికారిగా వచ్చాడు. కెర్లన్ ఎవరో కాదు. ఎల్డికాతో కలిసి బడికి పోయిన మెర్లీనా కొడుకు. ఎల్డికా ఇంట్లో ఆయిల్ డౌన్ కూర వండిన ప్రతిసారీ గిన్నె పట్టుకుని ముందుగా వచ్చి కూర్చున్నవాడు. కొబ్బరిపాలలో ఉడికిన సీమపనస ముక్కలు ఏరుకుని తినేవాడు. ఆ ముక్కలు ఏ చెట్టువో వాడికి బాగా తెలుసు. అలాంటివాడు ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని, ఎర్రరంగు డబ్బా పట్టుకుని వచ్చి ఆమె చెట్టు మొదలు మీద పెద్ద అడ్డగీత గీశాడు.

ఎల్డికా కిరోసిన్ గుడ్డతో ఆ గీత తుడిచేసింది. మర్నాడు మళ్లీ గీశారు. మళ్లీ తుడిచింది. ఆఖరికి ఓడ లేని ఒక శుక్రవారం పొద్దున్నే పోయి చెట్టు కింద చతికిలబడింది. కాసేపటికి కెర్లన్ వచ్చాడు. వెనకాల రంపం మోసుకుంటూ మరో మనిషి.

"లేవండి టాంటీ, ఎండెక్కింది."

"ఎండ నాకేమన్నా కొత్తా? గొడుగు కింద పెరిగినవాడివి నువ్వు, నువ్వెళ్లు."

"నా చేతుల్లో ఏం లేదు టాంటీ. బయటి నుంచి తెచ్చి నాటిన చెట్లన్నీ తీసెయ్యాలట. ఇక్కడి అడవిలో ఇక్కడి చెట్లే ఉండాలట."

"అట! ఎవరి నోటి 'అట' రా అది? సీమపనస బయటిదైతే ఈ జాజికాయ ఎక్కడిది? దేశం జెండా మీద పెట్టుకుని ఊరేగడం లేదూ? నీ గేటు మీద పళ్లికిలిస్తోందే కోతి, అదెక్కడిది? మా ముత్తాతల్ని గొలుసులేసి తెచ్చిన ఓడల్లోనే వచ్చిందది. దానికి అరటిపండూ, నా చెట్టుకి రంపమా?"

కెర్లన్ నవ్వాడు. "కోతిని చూడ్డానికి జనం వస్తారు టాంటీ. సీమపనసని ఎవరు చూస్తారు?"

అదీ వాడి జవాబు! పైగా నవ్వుతూ! చెంప పగలగొట్టాల్సిన మాటే అది. ఎల్డికా చెయ్యి లేచింది కూడా. మెర్లీనా గుర్తొచ్చి దించుకుంది.

"రేపు మనల్నీ బయటివాళ్లంటారు. అప్పుడు ఎవర్ని కోస్తావు?" అంది.

కెర్లన్ నవ్వు ఆపాడు. బూటుతో ఆకులు కెలికాడు. "సరే, పట్నం వెళ్లి మాట్లాడతాను. మీ చెట్టు జోలికి రాం. మీరు ఇంటికెళ్లండి."

"మీ అమ్మ మీద ఒట్టా?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఎల్డికా నమ్మింది. ఊళ్లో పిల్లాడు, తల్లి మీద ఒట్టేశాడు, నమ్మక ఏం చేస్తుంది? కొండ దిగి ఇంటికొచ్చి, ఉప్పుచేప నీళ్లలో నానేసి, పొయ్యి రాజేస్తుండగా పై నుంచి రంపం మోత వినిపించింది. ముందు ఇంకేదో చెట్టు అనుకుంది. అలా అనుకోవాలని చూసింది. అంతలో పెద్ద కొమ్మలు విరుగుతున్న చప్పుడు, దాని వెనకే నేల అదిరిన చప్పుడు. పుల్లలు చేతిలో పట్టుకుని అలాగే కూలబడింది. ఏడుపు రాలేదు. తనను బతికుండగానే ఎవరో ఊళ్లోంచి గెంటేసినట్టు అనిపించింది. ఆ పూట పొయ్యి వెలగలేదు.

ఎల్డికా ఊరుకునే మనిషి కాదు. మర్నాటి నుంచి గేటు దగ్గర కెర్లన్ జీపు ఆగితే చాలు, "అదుగో, వాళ్లమ్మ మీద ఒట్టు వస్తున్నాడు!" అని అరిచేది. రెండు వారాలు తిరక్కుండానే ఊరంతా వాడికి ఒట్టు సారు అని పేరు పెట్టేసింది. బస్సు డ్రైవరు కూడా అదే పేరుతో పిలిచేవాడు. కెర్లన్ అద్దం పైకెత్తుకుని పోయేవాడు.

సీమపనసకు గింజ ఉండదు, వేరు నుంచి పిలక వేస్తుంది. మాను కొట్టేస్తే ఇంకా పంతంగా వేస్తుంది. వానలు పడగానే మొద్దు చుట్టూ, యాత్రికులు నడిచే దారి మధ్యలో, వాళ్లు నిలబడి చూసే చెక్క అరుగు సందుల్లోంచి కూడా పిలకలు పొడుచుకొచ్చాయి. ఓస్బర్ట్ పీకేవాడు, అవి మళ్లీ వచ్చేవి. వాడు పీకి పారేసిన వాటిలో ఒకదాన్ని వేరు ముక్కతో సహా ఎల్డికా ఏరుకొచ్చుకుంది. వాళ్లు తుప్పల్లో వదిలేసి పోయిన ఎర్రరంగు డబ్బాలోనే మట్టి పోసి నాటింది. దాన్ని గేటు పక్కన, తన దండల బల్ల మీద, కెర్లన్ కంటికి ఎదురుగా పెట్టింది. కెర్లన్ చూశాడు. చూడనట్టు పోయాడు.

మొక్క మూరెడు ఎదిగేసరికి కెర్లన్‌కు ఆడపిల్ల పుట్టింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం జీపు వచ్చి ఎల్డికా ఇంటి ముందు ఆగింది. ముందుగా మెర్లీనా దిగింది. చేతిలో మడత పెట్టిన తెల్ల రుమాలు. కెర్లన్ జీపు వెనకాలే ఉండిపోయాడు.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావే?" అంది ఎల్డికా, గుమ్మంలోంచి కదలకుండా.

"ఉన్నది ఈ ఒక్క మొహమే. ఇంకోటి ఎక్కణ్ణుంచి తేను? పిల్ల బొడ్డూడింది ఎల్డీ."

"సంతోషం. నీ కొడుకు ఊళ్లో ఇల్లు అమ్మేసి పట్నంలో మేడ మీద కాపురం పెట్టాడుగా. పూలకుండీలో పాతిపెట్టు."

"వాడూ అదే అన్నాడు. వీపు మీద ఒక్కటిచ్చాను. నా మనవరాలు రేపు ఎవరన్నా అడిగితే, నా బొడ్డు రెండో అంతస్తులో ఉందని చెప్పుకోవాలా?" మెర్లీనా ఒక అడుగు ముందుకేసింది. "వాడు నా మీద అబద్ధపు ఒట్టేశాడని తెలిసి వాడి చేతి నీళ్లు కూడా తాగలేదు నేను, నెల్లాళ్లు. వాడి కోసం రాలేదు. పిల్ల కోసం వచ్చాను. ఆ డబ్బాలో మొక్క ఇవ్వు."

"మొక్క కావాల్సినవాడికి నోరు లేదా?"

కెర్లన్ జీపు వెనక నుంచి వచ్చాడు. టోపీ తీసి చేతిలో నలుపుకుంటున్నాడు.

"టాంటీ, ఆ మొక్క ఇస్తారా?"

"అది బయటి మొక్క నాయనా. ఇక్కడి మట్టికి పనికిరాదట."

"టాంటీ..."

"అట. నేనన్లేదు. నువ్వే అన్నావు."

ఎల్డికాకు జాలి వేయలేదు. వేసిందని ఎవరైనా చెబితే అబద్ధం. ఆమె చెవుల్లో రంపం మోత ఇంకా ఆగలేదు. కానీ మెర్లీనా చేతిలోని రుమాలు ఎంతో చిన్నది. దాన్ని పట్టుకున్న తీరు చూస్తే ఎల్డికాకు తన బొడ్డు మీద పిలక నాటిన నాన్న గుర్తొచ్చాడు.

"ఇస్తాను," అంది. "నేను చూపించిన చోటే నాటాలి. నీ చేత్తోనే నాటాలి."

ఆ చోటు ఎక్కడో కొండ ఎక్కుతుండగానే కెర్లన్‌కు అర్థమైంది. మొద్దు దగ్గరికి వచ్చేసరికి అటూ ఇటూ చూశాడు.

"ఇది రిజర్వు టాంటీ. ఇక్కడ ఏం నాటకూడదు."

"నా బొడ్డు మాత్రం ఎక్కడుందనుకున్నావు? తవ్వు."

మొద్దు పక్కనే తవ్వాడు. అడుగడుగునా పాత వేళ్లు పారకు అడ్డం పడుతుంటే దాన్ని పక్కన పడేసి చేతులతోనే మట్టి తోడాడు. మెర్లీనా రుమాలు విప్పి మనవరాలి బొడ్డు గుంటలో పెట్టింది. దాని మీద మొక్క పెట్టి కెర్లన్ మన్ను కప్పాడు. కప్పాక లేవలేదు. మోకాళ్ల మీదే కూర్చుని, "రేపు దీన్ని కొట్టెయ్యమని పైవాళ్లు అంటే ఏం చెయ్యను?" అని అడిగాడు.

"రంపం ఎక్కడుందో నీకు తెలుసుగా," అంది ఎల్డికా.

మళ్లీ ఓడ వచ్చిన రోజు ఆమె దండలు వేసుకుని పైకి వెళ్లి, మొక్కను చూసి ఆగిపోయింది. దాని చుట్టూ నున్నగా చెక్కిన కర్రలతో కంచె కట్టి ఉంది. కంచెకు రిజర్వు వాళ్ల ఆకుపచ్చ రంగు కూడా వేశారు. తాకవద్దని చిన్న పలక. కెర్లన్ ఆ పక్కనే నిలబడి ఉన్నాడు.

ఎల్డికాకు ఒళ్లు భగ్గుమంది. "నా బొడ్డుకి రంపం, నీ కూతురి బొడ్డుకి కంచె! బాగుందిరా నీ న్యాయం! నా చెట్టు కొట్టేటప్పుడు ఈ కర్రలు దొరకలేదా?"

అంతలో ఓస్బర్ట్ యాత్రికుల గుంపును వెంటేసుకుని వచ్చాడు. ఎల్డికా విసురుగా పోయి తన మొద్దు మీద కూర్చుంది. గుంపులో ముందున్న పెద్దాయన కంచెను చూసి, ఇంత జాగ్రత్తగా కాపాడుతున్నారు, ఇదేదైనా అరుదైన మొక్కా అని అడిగాడు. ఓస్బర్ట్ తెల్లమొహం వేసి అధికారి వైపు చూశాడు.

"గైడుని కాదు, ఆ సారునే అడుగు బాబూ," అంది ఎల్డికా. "మనిషి చెయ్యి తాకని అడవి కదా, ఇదెలా మొలిచిందో చెబుతాడు."

అందరూ కెర్లన్ వైపు తిరిగారు. వాడు టోపీ తీశాడు.

"సీమపనసండీ," అన్నాడు. "అరుదైనదేం కాదు. ఇక్కడ మనుషులుండేవాళ్లు. ఇది... ఈవిడ చెట్టు పిలక. ఆ చెట్టును నేనే కొట్టించాను."

ఆ ఆఖరి మాట చేతిలోని టోపీకి చెబుతున్నట్టు అన్నాడు. ఎల్డికా మొద్దు మీద నుంచి లేవకుండానే చెయ్యెత్తింది.

"గట్టిగా చెప్పు నాయనా. వెనకున్నవాళ్లకి వినపళ్లేదు."