ఇస్త్రీ నలగని మనిషి

సిటీ బస్సు నడిపే హారన్ మామ అసలు పేరు ఏమిటో డిపోలో కూడా చాలామందికి గుర్తులేదు. ఆయన మార్కెట్ మలుపులో హారన్ కొడితే పక్క వీధిలో పాలు విరిగిపోయేవని, మేడ మీద కునుకు తీస్తున్న ముసలాయన ఉలిక్కిపడి లేచి, పెళ్లాం పిలిచిందనుకుని "వస్తున్నా, వస్తున్నా" అనేవాడని చెప్పుకునేవారు. పాల సంగతి నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ముసలాయన సంగతి మాత్రం నిజం.

మామ భార్య అదే బస్సులో కండక్టరు. "ఇంట్లో ఎలాగూ నీదే పెత్తనం, కనీసం బస్సులోనైనా స్టీరింగు నాది" అనేవాడు మామ. "బెల్లు నాది కదయ్యా! నేను కొట్టకపోతే నీ స్టీరింగు దేనికి, ఆరేసిన బట్టలు తగిలించడానికా?" అనేది ఆవిడ. ఎక్కినవాళ్లందరికీ పేర్లు పెట్టేది. కూర్చోగానే గురక పెట్టేవాడు 'జోలపాట', పక్కవాడి పేపరు చదివేవాడు 'అద్దె పాఠకుడు'. ఆ పేర్లు వింటూ నవ్వుకుంటూ మామ బస్సు నడిపేవాడు.

ఒక ఉదయం ఆఫీసులకు పోయే రద్దీలో, భుజాన సంచితో ఒక కుర్రాడు వెనక తలుపులోంచి ఎక్కాడు. ఆవిడ టికెట్టు ఇవ్వడానికి దగ్గరికి వెళ్లింది. వాడు సంచిలో చెయ్యి పెట్టాడు.

డ్రైవరు సీటు వెనకున్న ఇనుప రేకు మామని బతికించింది. ఎడమ చెవి మాత్రం పోయింది. ఆవిడ పోయింది, జోలపాట పోయాడు, ఇంకా ఎందరో పోయారు.

వాడు ఎక్కడినుంచో వచ్చినవాడు కాదు. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇదే బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడినవాడు. తాను చేసేది జిహాద్ అనీ, స్వర్గానికి పోతున్నాననీ ఫోన్లో వీడియో తీసి మరీ పోయాడు. "పోయేవాడు ఒంటరిగా పోవచ్చుగా!" అన్నాడు మామ, పరామర్శకొచ్చినవాళ్లతో. "మా ఆవిడ బస్సే దొరికిందా వాడికి?"

పేపర్లలో వాడి ఫొటో వచ్చింది. ఆ మొహం జన్మలో చూడనని మామ ఒట్టు పెట్టుకున్నాడు. పోలీసులు ఫొటో తెచ్చినా కళ్లు మూసుకున్నాడు. కొందరు వచ్చి, వాడి మతంవాళ్ల దుకాణాలు తగలబెడదాం రమ్మన్నారు. "మా ఆవిడ పక్కన పోయినవాళ్లలో నమాజుకెళ్లేవాళ్లూ ఉన్నారు. నాకు కావలసింది దుకాణం కాదు, మనిషి. నడవండి!" అని తలుపేశాడు.

కానీ ఆ మనిషి ముక్కలైపోయాడాయె. ఎవరి పీక పట్టుకోవాలి? మిగిలింది వాడి తల్లి.

మామ మళ్లీ డ్యూటీ ఎక్కాక తెలిసింది, ఆ తల్లి ఆసుపత్రి స్టాపు దగ్గరే ఉంటుందని. బక్కపలచని మనిషి, తలమీద ముసుగు, రోజూ చెయ్యెత్తి నిలబడేది. మామ కావాలని ఆపేవాడు కాదు. దిగవలసినవాళ్లు ఉంటే స్టాపు దాటాక దింపేవాడు. కొత్త కండక్టరు "హోల్డాన్!" అని గొంతు చించుకుంటే, "ఎడమ చెవి లేదు తమ్ముడూ" అనేవాడు.

"అన్నా, బెల్లు కూడా కొట్టాను కదా!"

"బెల్లు కూడా ఎడమ పక్కే మోగుతుంది నాకు."

అద్దంలో ఆ చెయ్యి కిందికి వాలడం చూస్తే మామకి ఆ పూట అన్నం సయించేది. ఆమె ఏదో అరిచేది. తిట్టనీ, ఏడవనీ అనుకునేవాడు. ఎలాగూ స్టాపు ఎడమ పక్కే. ఒకసారి డిపోకి కూడా వచ్చింది. వాచ్‌మన్‌తో గెంటించాడు.

అలా చాలాకాలం జరిగింది. ఒకరోజు సరిగ్గా ఆ స్టాపు ముందు సిమెంటు లారీ అడ్డంగా ఆగిపోయింది. మామ తలుపు తెరవలేదు. ఆమె బస్సు ముందునుంచి నడిచి, వచ్చే పోయే బళ్ల మధ్యలోంచి కుడి కిటికీ కిందికొచ్చింది. కుడి చెవి కిందికి.

"అయ్యా, నన్ను ఎక్కించుకోకు. నీ భార్య మాట ఒకటి నా దగ్గరుంది. అది వినేసి పో."

మామ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మా ఆవిడ మాట నీ దగ్గరేంటి?"

"మావాడితో పాటు ఒకడు నీ బస్సెక్కాడు, ఆ పాడుపని జరిగే ముందు వారం. సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేదు. అప్పుడు నీ భార్య 'ఏం సార్, కూర్చుంటే ఇస్త్రీ నలుగుతుందా?' అందట. మావాడు ఇంటికొచ్చి పడీ పడీ నవ్వాడు. వాడు నవ్వడం అదే ఆఖరు."

ఆ మాట ఆ రోజు మామా విన్నాడు. నవ్వాపుకోలేక తప్పు గేరు వేశాడు. బస్సు కీచుమంది, ఆవిడ వెనకనుంచి "గేరెక్కడో చూసి నవ్వవయ్యా!" అంది. అద్దంలో తెల్లటి చొక్కా, కత్తిలాంటి మడత, ఆ పక్కన నోరు మూసుకుని నవ్వుతున్న కుర్రాడు.

"ఎవడు వాడు?"

"మతం నేర్పుతానని కుర్రాళ్లని గదిలో కూర్చోబెట్టినవాడు. మా గుమ్మంలోకి వచ్చినా కూర్చునేవాడు కాదు. నేను ఐదు పూటలా నమాజు చేసేదాన్నయ్యా. బస్సు పేల్చమని ఏ నమాజులో ఉందో వాడొచ్చి నాకు చెప్పాలి. పోలీసులకి చెప్పాను. పేలినవాడి తల్లి మాట ఎవరు నమ్ముతారు? ఇద్దర్నీ కలిపి చూసినవాళ్లు బతికున్నారా అన్నారు. నువ్వున్నావు."

వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి. జీవితంలో మొదటిసారి మామ తిరిగి హారన్ కొట్టలేదు. తలుపు తెరిచాడు.

ఆ సాయంత్రమే స్టేషన్లో కుర్రాడి ఫొటో అడిగి తీసుకుని, ఒట్టు తీసి గట్టున పెట్టి చూశాడు. వాడే, అద్దంలో నవ్విన కుర్రాడే. ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని తన పగవాణ్ణి తానే దాచిపెట్టాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ పని ఇంకొకడి తలతో చేద్దామని ఆగాడు.

తరవాత కొన్నాళ్లకి స్టేషన్లో కొందర్ని వరసగా నిలబెట్టారు. అందరివీ తెల్ల చొక్కాలే. మామ వేలెత్తి చూపించాడు. ఆ మనిషి చిరునవ్వు నవ్వి, "నాకు కారుంది ఇన్‌స్పెక్టర్ గారూ, బస్సెక్కే అవసరమేంటి?" అన్నాడు. ఇన్‌స్పెక్టరు అందర్నీ బెంచీల మీద కూర్చోమన్నాడు. అందరూ కూర్చున్నారు. ఆ మనిషి నిలబడే ఉన్నాడు.

మామ దగ్గరికి వెళ్లి, అచ్చం ఆవిడ సాగదీసినట్టే సాగదీసి అడిగాడు: "ఏం సార్, కూర్చుంటే ఇస్త్రీ నలుగుతుందా?"

ఆ మనిషి చెయ్యి తనంతట తానే మడత మీదికి పోయింది. చిరునవ్వు పోయింది. "ఆ కండక్టరు..." అని, నాలిక్కరుచుకుని ఆగిపోయాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. "బస్సే ఎక్కనివాడివి, అది కండక్టరు మాటని నీకెలా తెలుసు?" అంటూ ఇన్‌స్పెక్టరు కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

ఆ మాట చివర పట్టుకుని పోలీసులు గది తవ్వారు, ఫోన్లు తవ్వారు. యావజ్జీవం పడింది. తీర్పు రోజు మామ కొత్త చొక్కా కొనుక్కుని, ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్లాడు. నలిగిన జైలు బట్టల్లో ఉన్నవాడి ఎదురుగా నిలబడి, తీరిగ్గా తన మడత సవరించుకున్నాడు.

ఇప్పుడు ఆసుపత్రి స్టాపులో బస్సు ఆగుతుంది. మొదటిరోజే మామ చెప్పేశాడు: "ఆపుతాను. నీ కొడుకుని మాత్రం క్షమించను."

"క్షమించమని నేనడిగానా?" అంది ఆమె. "నేనే క్షమించలేదు."

ఆమె ఎక్కి డ్రైవరు వెనక సీట్లో, కుడి పక్కన కూర్చుంటుంది. వేరే మాటలేం ఉండవు. బస్సు కదిలే ముందు మామ అద్దంలోకి చూసి అడుగుతాడు.

"జైల్లో వాడింకా బతికే ఉన్నాడా?"

"ఉన్నాడట."

"బతకనీ. ఇంకా నలగాలి."

వెనకనుంచి కండక్టరు "రైట్!" అంటాడు. అదేమిటో, ఆ మాట మాత్రం మామకి ఎడమ చెవిలో కూడా వినిపిస్తుంది.