మా మావ కుడిచెయ్యి

ఈ సంగతి ఇప్పుడే రాసిపెట్టకపోతే కట్టుకథ అయిపోతుంది. ఇప్పటికే మా అత్త చెప్పేటప్పుడు ఇంట్లో వెలుగు కూడా కనిపించిందంటోంది. వెలుగేమీ లేదు. జరిగినంతే రాస్తాను.

దెయ్యాలూ మహిమలూ నేనెన్నడూ నమ్మలేదు. బడి మానేశాక నా చదువంతా భోగాపురం వైపున్న ఒక చిన్న గ్రంథాలయంలోనే సాగింది. అక్కడి సైన్సు అరలో నేను చదవని పుస్తకం లేదు.

ఓపెన్ ఇంటర్‌లో ఎకనామిక్స్ రెండుసార్లు పోయింది. చదవక కాదు. ప్రశ్నపత్రం చూడగానే అంతా ఖాళీ అయిపోయేది. ఇంటర్ పాసైతేనే టీచర్ ట్రైనింగ్. మూడోసారీ పోతే పుస్తకాలు కట్టిపెట్టేద్దామనుకున్నాను.

మా మావ వలలు బాగుచేయడంలో పేరున్న మనిషి. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. చిరిగిన వల ఒకటి అరుగు మీద అలాగే వేలాడుతుండేది. నేను దాని పక్కనే కూర్చుని పైకి చదివేదాన్ని. ఎప్పుడూ రాని పాఠంతోనే మొదలుపెట్టి, కాసేపటికి ఏడుపుమొహం పెట్టేదాన్ని.

ఒకరోజు మావ విసుక్కున్నాడు. "ఏటమ్మీ, సినిగిన సోటే ఏలెట్టి లాగతన్నావు? ఇంకా సినుగుతాది. బాగున్న కన్ను ఎతుక్కో. అక్కణ్ణుంచి కట్టుకుంటా రా."

వల బాగుచేసే పద్ధతి అదే. చిరుగు అంచున చెక్కుచెదరని కన్ను, అంటే దారాల మధ్య గడి, పట్టుకుని, అక్కడ మొదటి ముడి వేస్తారు. ఆ రోజు నుంచి నాకు బాగా వచ్చిన పాఠంతో మొదలుపెట్టి, దాన్ని ఆనుకుని ఉన్న రాని పాఠంలోకి వెళ్లేదాన్ని. నిద్ర కూడా పట్టసాగింది.

విజయనగరంలో పరీక్ష. ప్రశ్నపత్రం తిప్పగానే మళ్లీ అదే ఖాళీ. అప్పుడు తడి వల వాసన వచ్చింది. ఊరికి అంత దూరంలో, మూసిన గదిలో. చెవి పక్కనే దారం బిగించి లాగిన చప్పుడు. తల తిప్పితే గోడ.

భయం వేయలేదు. ఊపిరి నిదానించింది. వచ్చిన ప్రశ్న ఒకటి ఆఖర్న కనబడింది. అక్కణ్ణుంచి రాసుకుంటూ వెనక్కి వచ్చాను. చప్పుడు కూడా ఆగుతూ సాగుతూ నాతోనే ఉంది.

సాయంత్రం ఇంటికొస్తే అరుగు మీది వలలో చిరుగు లేదు.

చేపలు అమ్ముకుని అప్పుడే వచ్చిన అత్త తట్ట దించి వల పట్టుకు చూసింది. మా వాడలో ముడి చూసి మనిషిని చెప్పేస్తారు. ముడి వేశాక కొసను వెనక్కి తిప్పడం మావ ఒక్కడి అలవాటు.

"ఓలమ్మ! ఇది నీ మావ సెయ్యే!"

మావ ఆ చేతిని ఒళ్లో పెట్టుకునే ఉన్నాడు. "నానేటి సేత్తానే, ఎర్రిదానా? పొద్దుట్నుంచి కునుకుతన్నాను. పరీచ్చ బాగా రాసినావా నేదా, అది సెప్పమ్మీ."

ఇరుగుపొరుగును అడిగాను. వల ముట్టుకున్నవాళ్లు లేరు. పక్షవాతం గురించి దొరికినవన్నీ చదివాను. చెయ్యి మెల్లగా కోలుకోవచ్చని ఉంది. కానీ ఆ చెయ్యి అంతకు ముందూ కదల్లేదు, తర్వాతా కదల్లేదు.

పాసయ్యాను. ఇప్పుడు ట్రైనింగ్‌లో ఉన్నాను.

గడువు దాటినా పుస్తకాలు ఉంచుకోనిచ్చిన లైబ్రేరియన్ రాజ్యలక్ష్మి గారికి, పరీక్ష రోజు ఆటోలో దిగబెట్టిన ఎర్రన్న బావకి, నా వంతు వంట కూడా చేసిన అత్త నూకమ్మకి కృతజ్ఞతలు. గురువులు అనే పేరున్న మా మావకి కూడా. ఆయన కాదన్నా సరే, ఆయన కుడిచేతికి విడిగా మరొక దండం.