ముడులు వేసిన టేపు

కళ్ళజోళ్ళ దుకాణం ఆయన ముప్పై ఎనిమిదేళ్ళుగా చేసింది ఒకటే పని. ఎదురుగా కూర్చున్న మనిషికి ఏది కనిపించడం లేదో కనిపెట్టడం. అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇప్పుడు బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడిగేవాడే కానీ జవాబు మీద పెద్దగా ఆధారపడేవాడు కాదు. గుమ్మం దాటి కుర్చీ దాకా నడిచొచ్చే తీరులోనే సగం తెలిసిపోయేది. గోడ మీది అక్షరాలు బట్టీ పట్టి వచ్చే డ్రైవర్లు, చూపు తగ్గిందంటే ముసలితనం ఒప్పుకున్నట్టేనని మొండికేసే అత్తగార్లు, అందరూ ఆయన ముందు పావుగంటలో దొరికిపోయేవారు. "ఆయన దగ్గర కళ్ళు దాచలేం" అని వీధిలో అనుకునేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా లోలోపల మురిసిపోయేవాడు.

ఆదివారం పొద్దున మాత్రం ఆయన సేనాధిపతి.

అచ్చాఫీసు మేడ మీద, కాగితాలు కోసే పెద్ద బల్లకి ఆకుపచ్చ దుప్పటి పరిచేవారు. థర్మోకోల్ కొండలు, నీలం రెక్సిన్ నది, అగ్గిపుల్లలు అతికించిన వంతెన. వాటి మధ్య బొటనవేలంత సైనికులు, చొక్కా గుండీలతో సహా రంగులు వేసినవాళ్ళు. ఇద్దరు ఆడితే చెరో సైన్యం. ఒక వంతులో కాలిబంటు ఆరంగుళాలు నడవచ్చు, గుర్రం పదంగుళాలు. టేపు పెట్టి కొలిచి జరపాలి. ఆ తర్వాత పాచికలు వేసి, ఎవరు పడ్డారో ఎవరు నిలిచారో తేల్చుకోవాలి. చూసేవాళ్ళకి బొమ్మలాట. "ఆ యుద్ధమేదో గెలిచి, వచ్చేటప్పుడు ఒక సబ్బు పట్రండి" అనేది ఆయన భార్య.

ఆడేది నలుగురు, సంఘమంటే ఆ నలుగురే. మేడ ఇచ్చిన అచ్చాఫీసాయన. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. మన కళ్ళజోళ్ళాయన. దుకాణాలకి బోర్డులు రాసే పెయింటరు. ఈ పెయింటర్ని అందరూ అంగుళం అని పిలిచేవారు. కొలత దగ్గర అంత ముక్కుసూటి మనిషి. తన గుర్రం పావంగుళం ఎక్కువ జరిగితే ఎవరూ అనకముందే తనే వెనక్కి లాగేవాడు. నిబంధనల పుస్తకంలో కొలతల పేజీ రాసిందీ ఆయనే. ఏ ఆటగాడైనా అభ్యంతరం చెబితే సొంత టేపు పక్కన పెట్టి సంఘం టేపే వాడాలన్నది అందులో మూడో వాక్యం. ఆ వాక్యం ఒకరోజు తన మీదికే వస్తుందని రాసినప్పుడు అనుకుని ఉండడు.

కళ్ళజోళ్ళాయనకీ అంగుళానికీ పాతికేళ్ళ స్నేహం. దుకాణం బోర్డు మొదట రాసిందీ, ఐదేళ్ళకోసారి తిరగరాసిందీ అంగుళమే. పోయినేడాది రాసినప్పుడు మాత్రం చివరి రెండక్షరాలు కిందికి జారాయి, మెట్లు దిగుతున్నట్టు. కళ్ళజోళ్ళాయన కింద నిలబడి చూశాడు. నిచ్చెన మీద స్నేహితుడు మెడ ఓరగా పెట్టి, కంటి కొసతో గీత వెతుక్కుంటున్నాడు. నడిమి చూపు చెరిగిపోయినవాళ్ళు అలాగే చూస్తారు. అద్దాలతో బాగయ్యే జబ్బు కాదది. కళ్ళజోళ్ళాయనకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. బోర్డులు రాసి బతికే మనిషితో ఆ మాట ఎలా అంటాం? "బాగుందయ్యా, దిగు, టీ తాగుదాం" అన్నాడు.

మేడ మీద కూడా తేడా కనిపిస్తూనే ఉంది. అంగుళం కొత్తగా రంగు వేసిన సేనాపతికి ఒక కన్ను మీసం మీదికి దిగింది. "ఏమయ్యా, మీ సేనాపతి తాగొచ్చాడా?" అన్నాడు అచ్చాఫీసాయన. అందరూ నవ్వారు. అంగుళం కూడా నవ్వి, "రాత్రి కాపలా కాశాడులే పాపం" అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం ఆయన కొత్త టేపు తెచ్చుకున్నాడు. దర్జీలు వాడే గుడ్డ టేపు. అంగుళానికొక చిన్న దారం ముడి, ఆరు దగ్గరా పది దగ్గరా రెండేసి ముడులు. కళ్ళజోళ్ళాయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఒక ముడిని వేళ్ళ మధ్య నలిపి, తలెత్తి స్నేహితుడి మొహంలోకి చూశాడు. ఏమీ అనకుండా తిరిగి బల్ల మీద పెట్టాడు. వేళ్ళతో తడుముకుంటూ అంగుళం ఆ రోజు ఆడాడు, గెలిచాడు. ఆ తర్వాత వరసగా ఆరు ఆదివారాలు గెలిచాడు. ఏడుసార్లూ ఓడింది కళ్ళజోళ్ళాయనే.

ఓటమి కూడా మనిషిని చిన్నబుచ్చే తీరులో వచ్చేది. ఎనిమిదో ఆదివారం అంగుళం గుర్రాలు మళ్ళీ వంతెన మీదికొచ్చాయి. ఇంకొక్క వంతు, కొండ పోయినట్టే. వెనక నుంచి అచ్చాఫీసాయన "కళ్ళజోడు పెట్టుకుని చూసుకోవయ్యా, కొండ పోతోంది" అని ఎత్తిపొడిచాడు. కళ్ళజోళ్ళాయన నోట్లోంచి మాట జారింది.

"ఆ టేపు మీద ఏవో ముడులున్నాయి. గుడ్డ సాగిందేమో. సంఘం టేపు వాడదాం."

అంగుళం చేయి టేపు మీదే ఆగిపోయింది. "అలాగే. రాసుకున్నదే కదా" అన్నాడు. సంఘం ఇనుప టేపు అందుకున్నాడు. నున్నటి రేకు. వంగి, మెడ ఓరగా తిప్పి, చాలాసేపు చూశాడు. గుర్రాలు జరిపాడు. కళ్ళజోళ్ళాయన కొలిచాడు. పన్నెండున్నర.

"రెండున్నర ఎక్కువ" అన్నాడు.

"ఏం అంగుళం, నీ అంగుళాలకి కొవ్వు పట్టిందా?" అని అచ్చాఫీసాయన నవ్వాడు. టీచరమ్మ నవ్వలేదు. తను ఇంకోసారి కొలిచి, "పన్నెండున్నరే" అంది నెమ్మదిగా.

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. "ఏడు ఆదివారాలూ ఇలాగే గెలిచావేమోలే" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

అంగుళం ఆయన వైపు తిరిగాడు. నేరుగా చూడలేడు కనుక కొంచెం పక్కగా, చెవి వైపు చూశాడు. తను చెప్పుకోవాలంటే ఒక్క మాట చాలు. చెప్పలేదు. సైనికుల్ని ఒక్కొక్కర్నే తడిమి పెట్టెలో పడుకోబెట్టి, ముడుల టేపు చుట్టి జేబులో పెట్టుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. యుద్ధాల పుస్తకంలో గెలిచినవాళ్ళు రాయాలని ఆనవాయితీ. కళ్ళజోళ్ళాయన గుండ్రటి అక్షరాలతో రాశాడు: "కొలత మీరినందున ఎదుటి గుర్రపు దళం రద్దు. విజయం నాది."

తర్వాత నాలుగు నెలలు అంగుళం మేడ ఎక్కలేదు. "మొహం చెల్లక రావడం లేదు" అన్నాడు అచ్చాఫీసాయన. కళ్ళజోళ్ళాయన కాదనలేదు. నేను కొలత చూశాను, అంతేగా అని తనకి తాను చెప్పుకునేవాడు. పగలంతా ఎవరెవరి కళ్ళలోకో లైటు వేసి చూస్తూ, మధ్యలో ఆ పక్కచూపు గుర్తొచ్చి, చేతిలో అద్దం ఎందుకు పట్టుకున్నాడో మరిచిపోయేవాడు. అంగుళం ఇల్లున్న సందు దాటి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేవాడు. వెళ్ళాలి, ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం. అలా అనుకుంటూ ఉండగానే ఒక పొద్దున కుంచెలు కడుగుతూ కడుగుతూ అంగుళం కూలబడిపోయాడని, గుండె ఆగిందని కబురొచ్చింది.

పదిహేను రోజులకి అంగుళం భార్య రమ్మంటే వెళ్ళాడు. ముందు గది నిండా టర్పెంటైను వాసన. కిటికీలో డబ్బాలు, డబ్బాల్లో కుంచెలు, జుట్టు పైకి పెట్టి ఆరేసినవి ఆరేసినట్టే ఉన్నాయి. కుట్టుమిషను పక్కన సైనికుల పెట్టె.

"ఇది మీ సంఘానికే ఇమ్మని ఎప్పుడో అన్నాడన్నయ్యా. స్థలం లేక ఆట ఆపేశారటగా? మళ్ళీ మొదలుపెడతారా?"

ఆట ఆపేశామని ఇంట్లో చెప్పుకున్నాడన్నమాట. కళ్ళజోళ్ళాయన "ఆఁ... పెడతామమ్మా" అన్నాడు.

ఆవిడ పెట్టె పైనున్న టేపు తీసి చేతిలో పెట్టింది. "ఈ ముడులు నేనే వేశాను. ఆయన పక్కన కూర్చుని, ఇక్కడ గట్టిగా వెయ్యి, ఇక్కడ రెండు వెయ్యి అని ప్రాణం తీశాడు. చూపు సంగతి ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. మీకన్నా చెబుదామండీ, కళ్ళ మనిషి కదా అన్నాను. ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"'వాడికి చెప్పక్కర్లేదే. ముడి పట్టుకున్నాడు, నా మొహం చూశాడు, కిక్కురుమనకుండా బల్ల మీద పెట్టేశాడు. అన్నీ తెలిసి నా పరువు దాచాడు' అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఎంత కులాసాగా ఉన్నాడని." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మీరున్నారన్న ధైర్యంతోనే అన్ని రోజులు వచ్చాడన్నయ్యా."

ఇన్నాళ్ళూ కళ్ళజోళ్ళాయన దగ్గర ఒక చిన్న ఆసరా మిగిలింది. నేను గ్రహించానని వాడికి తెలియదు, అందరిలాగే నేనూ పొరపాటు పడ్డానని అనుకుని ఉంటాడు అని. ఆ ఆసరా కూడా పోయింది. ఆ రోజు అంగుళం తన వైపు తిరిగి చూసినప్పుడు ఎవరిని చూశాడో ఇప్పుడు అర్థమైంది. పెట్టె ఎత్తుకుని, "వస్తానమ్మా" అని మాత్రం అనగలిగాడు. వీధిలోకొచ్చాక, ఆవిడ చేత అన్నయ్యా అనిపించుకుని మరీ వచ్చానని సిగ్గు వేసింది.

సంఘం మొదలుపెట్టిన పోస్టుమాస్టరు పోయినప్పటి నుంచీ ఒక పద్ధతి ఉంది. పోయిన మనిషి సైన్యం ఇంకొక్కసారి బల్ల మీదికి రావాలి. అతనితో ఆఖరున ఆడినవాళ్ళే దాన్ని నడపాలి. ఆదివారం టీచరమ్మ ఎదుటి సైన్యం పేర్చుకుని కూర్చుంది. అచ్చాఫీసాయన ఇనుప టేపు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇవాళైనా ఆయన గుర్రాలు సరిగ్గా నడుస్తాయి" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, జాలిగానే అన్నాడు. కళ్ళజోళ్ళాయనకి ఆ జాలి చెంపదెబ్బలా తగిలింది.

"ఆయన మోసం చెయ్యలేదు" అన్నాడు.

"ఇప్పుడెందుకులేవయ్యా, పోయినాయన..."

"కళ్ళు పోయాయి. నడిమి చూపు లేదు. ఈ ముడులు తడుముకుని కొలిచేవాడు." టేపు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది లాక్కుని, కనపడని టేపు చేతిలో పెట్టాను నేను."

టీచరమ్మ టేపు తీసుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళతో ఆరు దాకా లెక్కపెట్టింది. రెండు ముడులు తగిలాక ఇనుప టేపు పక్కన పెట్టి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"మీకు తర్వాత తెలిసిందా?" అని అడిగింది.

అవును అంటే ఎవరూ రెండో మాట అడగరు. ఆవిడ తన కోసం తలుపు తీసి పట్టుకున్నట్టే అనిపించింది ఆయనకి.

"ముందే తెలుసు" అన్నాడు. "ఓడిపోతున్నాను. అందుకని అన్నాను."

అచ్చాఫీసాయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కొవ్వు పట్టిందా అన్న తన మాట గుర్తొచ్చి ఉంటుంది. అటే చూస్తూ, "మా చేత కూడా నవ్వించావు కదయ్యా" అన్నాడు.

కళ్ళజోళ్ళాయన యుద్ధాల పుస్తకం తెరిచి, తన గుండ్రటి అక్షరాల కింద రాయబోయాడు. టీచరమ్మ పుస్తకం మీద చెయ్యి పెట్టింది.

"అంగుళం ఇంట్లో చెప్పారా?"

"లేదు."

"మాకు చెప్పడం తేలిక. పుస్తకంలో రాయడం ఇంకా తేలిక." ఆవిడ టేపు చుట్టి ఆయన చేతికిచ్చింది. "ముందు అక్కడ చెప్పి రండి. బల్ల ఇలాగే ఉంటుంది. ఎవరూ ముట్టుకోరు."

ఆ సందు తప్పించి చుట్టు తిరిగి పోయే దారి ఆయన కాళ్ళకి అలవాటైపోయింది. రెండుసార్లు వెనక్కి మళ్ళాల్సి వచ్చింది. అంగుళం భార్య ముందు గదిలో దిండు గలేబు కుడుతోంది. "రండన్నయ్యా, కూర్చోండి" అని మిషను ఆపింది. కూర్చుంటే మళ్ళీ చెప్పలేనని నిలబడే చెప్పాడు. ఏడు ఓటములు, వంతెన, ఇనుప టేపు, పన్నెండున్నర, తన నోటి నుంచి వచ్చిన ఆఖరి మాట, పుస్తకంలో రాసిన రాత. మధ్యలో ఆగితే ఆవిడ ఏదో ఒకటి అని తనని తేలిక చేస్తుందేమోనని ఎక్కడా ఆగలేదు.

ఆవిడ కోపగించుకోలేదు. ఏడవలేదు. మిషను చక్రం మీద చెయ్యి వేసి, సూది వైపు చూస్తూ కూర్చుంది.

"అందుకా," అంది చివరికి. "ఆ రోజు ఇంటికొచ్చి, ఇక ఆట లేదే, స్థలం లేదు అన్నాడు. స్థలమే కదండీ, మనింట్లో ఆడుకోండి, వాళ్ళని పిలవండి అన్నాను. 'వద్దులే, వాడు ఇబ్బంది పడతాడు' అన్నాడు. వాడెవరో నాకు అర్థం కాలేదు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆయన తల దించుకుని, చేతిలో టేపు ముడులు ఒక్కొక్కటే తడుముతున్నాడు. ఆవిడ చెయ్యి చాపింది.

"అది ఇటివ్వండి."

ఇచ్చాడు. ఆవిడ దాన్ని రెండు వేళ్ళకి నెమ్మదిగా చుట్టి, మిషను సొరుగులో దారపుండల పక్కన పెట్టి, సొరుగు మూసింది.

"బొమ్మలు మీ దగ్గరే ఉంచండి, ఆయన ఇమ్మన్నాడు కనుక. టేపు ఇమ్మనలేదు, నేనే ఇచ్చాను." మళ్ళీ గలేబు అందుకుని, గుడ్డ సూది కిందికి జరిపింది. "ఇది కుట్టేసి టీ పెడతాను, తాగి వెళ్ళండి."

ఆ మాట చివర అన్నయ్యా అని వస్తుందేమోనని ఆయన ఒక్క క్షణం ఆగాడు. మిషను కదిలింది. వద్దంటే అది ఇంకో తప్పవుతుందని, ఆ చప్పుడు వింటూ గోడ పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు.