స్వరూప మాటలు తీసేసిన వీడియో

ఇరవై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడం ఎంత అలవాటైపోయిందంటే, మధ్యలో కొన్నేళ్ళు మోస్తున్న సంగతే మరిచిపోయాను. ఇప్పుడు దించుకుంటున్నాను. మీ ముందే ఎందుకంటే, నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. మావాళ్ళ ముందు నోరు విప్పితే సముదాయిస్తారు. "పోనియ్యక్కా, అప్పట్ల ఎవరికి ఎర్క" అంటారు. నాకు ఆ సముదాయింపు వద్దు. మీరు వినండి, చాలు.

మాది బుగ్గారం. మా నాయన కల్లు గీయడానికి తాళ్ళెక్కేవాడు. నన్ను కోరుట్లకిచ్చారు. ఇక్కడే బట్టలు కుట్టే షాపు నడుపుకుంటున్నాను. నా నోటికి మా బంధువుల్లో పేరుంది. ఎవరి మొహం మీదైనా ఉన్నదున్నట్టు అనేస్తానని. ఆ మాట వింటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఉన్నదున్నట్టు అనేదాన్నే అయితే ఈ నాలుగు ముక్కలు రాసే పనేముంది?

నాకు ఇంకో పేరు కూడా ఉంది. తల్లి లేని పిల్లను సాదిన మేనత్త అని. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు ఆ మాటంటారు, నేను తల దించుకుంటాను. అణకువ అనుకుంటారు.

ఆ పిల్ల రవళి, నా తమ్ముడి కూతురు. మూడు నెలలైనా నిండకముందే దాని తల్లి స్వరూప చనిపోయింది. తమ్ముడు అప్పుడు దుబాయిలో ఉన్నాడు. పిల్లను నేను కోరుట్ల తెచ్చుకున్నాను. నా కొడుకులిద్దరితో పాటు పెంచాను. ప్రేమతోనే పెంచాను, అందులో అబద్ధం లేదు. కానీ ప్రేమ ఎంత, తప్పు చేసినదాని భయం ఎంత అని ఎవరైనా అడిగితే నేను విడదీసి చెప్పలేను. దానికి జ్వరమొస్తే నాకు చెమటలు పట్టేవి. నా కొడుకుల జ్వరాలకు ఎప్పుడూ అట్లా కాలేదు. ఎందుకు కాలేదు?

రవళి డిగ్రీలో ఉండగా ఆన్‌లైన్‌లో ఒక చిన్న పెట్టె కొన్నాను. పాత వీడియో క్యాసెట్లనూ డిస్కులనూ ప్లేయర్‌లో వేసి, వైర్లతో దీనికి కలిపితే మెమరీ కార్డులోకి ఎక్కిస్తుంది. చిన్న తెర, నాలుగు బటన్లు. పసుపు వైరు బొమ్మకు, తెలుపూ ఎరుపూ వైర్లు శబ్దానికి. కుట్టుమిషను తిప్పే చేతికి అదేం పెద్ద విద్య కాదు. మొదట మా ఇంటి పెళ్ళి డిస్కులు ఎక్కించాను. తర్వాత బంధువులంతా సంచుల్లో వేసుకుని తెచ్చివ్వడం మొదలుపెట్టారు. ఎల్లారెడ్డిపేట నుంచి మా పెద్దమ్మ కోడలు తన పెళ్ళి క్యాసెట్‌ను పసిపిల్లను తెచ్చినట్టు తువ్వాలలో చుట్టుకుని తెచ్చింది. కొన్నిటికి బూజు పట్టేది. అవి ఎక్కేవి కావు. "బూజు పట్టింది, పోయింది" అని చెబితే ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. ఆ సంగతి గుర్తుంచుకున్నాను.

మా దగ్గరి పాత వీడియోల తీరు మీకూ తెలిసే ఉంటుంది. మనుషుల మాటలుండవు. స్టూడియోవాళ్ళు మిక్సింగ్ చేసేటప్పుడు అసలు శబ్దం మొత్తం తీసేసి సినిమా పాటలు వేసేస్తారు. పెళ్ళికూతురు ఏడుస్తుంటే పైన డ్యూయెట్ వస్తుంది. రవళి తొట్టెల క్యాసెట్ కూడా అట్లాంటిదే. ఇరవై ఒకటో దినం తొట్టెల వేశాం, అంటే పిల్లను ఉయ్యాలలో వేసే వేడుక. తండ్రి దూరాన ఉన్నాడు, చూసుకుంటాడని జగిత్యాల నుంచి వీడియో ఆయనను పిలిపించాం. పాటలు వేసిన ఆ క్యాసెట్టే దుబాయికి పోయింది. రవళి తన తల్లి మొహం అందులోనే చూసింది. గొంతు మాత్రం ఎప్పుడూ వినలేదు.

ఆ వీడియో ఆయన స్టూడియో ఎత్తేస్తూ, మా తమ్ముడికి కబురు పెట్టాడు. కెమెరాలో వేసే చిన్న క్యాసెట్, మిక్సింగ్‌కు ముందుది, దొరికిందని. పాత కెమెరాతో సహా ఇచ్చేశాడు. తమ్ముడు నాకు పంపాడు. రవళి ఆనందం చెప్పలేను. "అమ్మ గొంతు ఉంటదా అత్తమ్మా" అని పదిసార్లు అడిగి కాలేజీకి పోయింది.

మధ్యాహ్నం షాపు మూసి కూర్చున్నాను. ఆ పాత కెమెరాకు వైర్లన్నీ పెట్టి ఆన్ చేశాను. ఆడవాళ్ళ పాటలు, నవ్వులు, మా అమ్మ ఎవరినో కసరడం. నాకూ నవ్వొచ్చింది. తర్వాత బొమ్మ ఒక్కచోట ఆగిపోయింది. వీడియో ఆయనను భోజనానికి పిలిచి ఉంటారు, కెమెరా ఆపకుండానే బియ్యం బస్తా మీద పెట్టి పోయాడు. తొట్టెల కనిపిస్తోంది. స్వరూప వచ్చి దాని పక్కన కూర్చుంది. ఎదురుగా నేనున్నాను. నా మొహం పడలేదు. చీర కొంగూ, గాజుల చెయ్యీ పడ్డాయి.

"వదినె, పండుకుంటే ఊపిరి ఆడుతలేదు. కూసుంటెనే జెర మంచిగుంటంది. కాళ్ళు చూడు, ఎట్ల వాసినయో. దవాఖానకు తీస్కపోతవా?"

"పిల్లను కన్న ఒళ్ళు గట్లనే ఉంటది. మేం కనలేదా? సుట్టాల ముంగట గీ నాటకాలేంది?"

"నాటకాలు కాదు వదినె. మీ తమ్మునికన్న ఒక్క మాట చెప్పు."

"చెప్తే వాడు పనంత ఇడిసిపెట్టి ఉరికి రావాల్నా? నేను చెప్ప. నువ్వు చెప్పకు. లే, బంతిల నెయ్యి వెయ్యాలె."

"సరే వదినె. చెప్పను."

పిల్ల ఏడ్చింది. స్వరూప లేవబోయి, తొట్టెల మీదికి వంగి, "ఏడ్వకు బిడ్డా, అమ్మ గిప్పుడే వస్తది" అంది. మెల్లగా, మధ్యలో ఊపిరి తీసుకుని అంది. నా చెయ్యి తెరలోకి వచ్చి ఆమెను భుజం పట్టి లేపింది.

క్యాసెట్ ఆపేశాను.

ఎందుకట్లా అన్నాను? స్వరూపకు తల్లి లేదు. అందుకే పురుడు బుగ్గారంలో మా అమ్మగారింట్లోనే చేశాం. చెప్పుకోవడానికి ఆమెకు నేను తప్ప ఎవరున్నారు? తమ్ముడు దుబాయి పోయి ఏడాదైనా కాలేదు, ఏదో ఒక వంకతో తిరిగి వచ్చేస్తాడేమోనని మా అందరికీ భయంగా ఉండేది. అది ఒక కారణం. దాని కింద ఇంకో కారణం ఉంది, దాన్ని బయటికి తీయడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది. నా పురుళ్ళకు ఎవరు కెమెరా పెట్టారు? నేను పదిహేను రోజులకే లేచి నీళ్ళు మోశాను. నన్ను ఎవరూ కూర్చోమనలేదు. ఈమెకు ఇంత వైభోగమా అని ఒళ్ళు మండింది. అసూయ. తమ్ముడి భార్య మీద, పాణం బాగాలేని మనిషి మీద.

అది తెలియక చేసిన పాపమని అనుకోవచ్చు. ఆ తర్వాతిది అట్లా అనుకోవడానికి లేదు. ఒక పొద్దున స్వరూప వాకిట్లో పడిపోయింది. జగిత్యాల తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. శవం చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు ఏమైంది, ఏమన్నా చెప్పిందా అని అడుగుతున్నారు. అందరికంటే ముందు నేనే అన్నాను, "ఎవ్వరికీ ఒక్క మాట చెప్పలే, అంత కడుపులనే పెట్టుకున్నది" అని. ఏడుస్తూ అన్నాను. ఏడుపు నిజమే. తమ్ముడు వచ్చాక వాడికీ అదే చెప్పారు. చనిపోయిన భార్య మీద వాడికి ఏళ్ళ తరబడి కోపం ఉండిపోయింది, కట్టుకున్నోనికన్న చెప్పకపాయె అని. మళ్ళీ పెళ్ళయినా ఆ కోపం పోలేదు. రవళి కూడా అదే వింటూ పెరిగింది. మా అమ్మ ఎందుకు చెప్పలేదు అత్తమ్మా అని చిన్నప్పుడు అడిగేది. మొండిది మీ అమ్మ, అనేదాన్ని. తల్లిని మొండిదాన్ని చేసి బిడ్డకు అప్పగించాను.

ఇప్పుడు వైర్ల సంగతి. ఆ క్యాసెట్‌ను పారేయొచ్చు. బూజు పట్టిందంటే అయిపోయేది. పడేయలేకపోయాను. అమ్మ గొంతు కోసం సాయంత్రం రవళి ఉరుక్కుంటూ వస్తుంది, ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా. తెలుపూ ఎరుపూ వైర్లు పీకేశాను. క్యాసెట్ వెనక్కి తిప్పి మొదటి నుంచీ మళ్ళీ ఎక్కించాను. బొమ్మలొచ్చాయి, శబ్దం రాలేదు. అంతకుముందు ఎక్కినదాన్ని తుడిచేశాను. చిన్న క్యాసెట్‌ను బీరువాలో నా పెళ్ళి చీరల కింద పెట్టాను. నాకప్పుడు చిన్న వయసు కాదు, చుట్టూ చుట్టాలు లేరు, ఎవరి ఒత్తిడీ లేదు. తెలిసి, కూర్చుని, తీరిగ్గా చేశాను.

సౌండ్ పోయిందని చెప్పాను. రవళి మొహం చిన్నబోయింది, వెంటనే సర్దుకుంది. మొహమన్న దగ్గరగా కనపడుతోంది, చాలు అంది. దాని ఫోన్లో పెట్టుకుంది. బస్తా మీది నుంచి పడిన ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ చూసేది.

"అత్తమ్మా, అమ్మ గీడ ఏమంటున్నది?"

"నిన్నే ముద్దు చేస్తున్నది బిడ్డా."

"మరి గుండె మీద చెయ్యెందుకు పెట్టుకున్నది?"

"పుస్తెలతాడు సర్దుకుంటున్నది."

ఎంత తొందరగా వచ్చిందో చూడండి ఆ జవాబు. నా నోటికి పేరు ఊరికే రాలేదు. రవళి ఆ పెదాల కదలికలు చూస్తూ తనకు తోచిన మాటలు కూర్చుకునేది. బంగారు తల్లీ అంటున్నదేమో, అని తన పెదాలు అట్లాగే కదిపి చూసేది. నేను పక్కనే కూర్చుని హెమ్మింగు చేసేదాన్ని.

దానికి పెళ్ళయింది. సిరిసిల్లలో అత్తగారిల్లు, ఇంటి వెనకే బట్ట నేసే సాంచెలు. అల్లుడు మంచివాడు. కడుపుతో ఉందని తెలిసినప్పుడు పురుడు కోరుట్లలో నా ఇంట్లోనే అనుకున్నాం. పాత మెత్తటి చీరలు ఉతికి పొత్తిగుడ్డలు చింపి పెట్టుకున్నాను. ఏడో నెలలో కరీంనగర్‌లో ఒక పెద్ద డాక్టరమ్మకు చూపించడానికి నేనే వెంట వెళ్ళాను. ఆమె రాసుకుంటూ, మీ అమ్మగారు ఎలా చనిపోయారు అని అడిగింది.

"తెల్వది మేడం. నేను పుట్టినంక మూడు నెలలకే పోయింది. ఎవ్వరికి ఏం చెప్పలేదట" అంది రవళి.

డాక్టరమ్మ కలం ఆగింది. ఆయాసం ఉండేదా, కాళ్ళు వాచేవా, ఎవరికైనా గుర్తుందా అంది. కాన్పు ముందూ వెనకా కొందరి గుండె బలహీనపడుతుందని, తల్లికి అట్లా అయి ఉంటే ఈమె విషయంలో జాగ్రత్తపడాలని చెప్పింది. రవళి తల అడ్డంగా ఊపింది. నా వంక చూడను కూడా లేదు. నాకు తెలియదని దానికి అంత నమ్మకం.

అబద్ధం చెప్పడానికి అప్పుడూ దారి ఉంది. మా అమ్మ ఎప్పుడో అన్నది అని, పోయినవాళ్ళ మీద పెట్టేసి ఆ లక్షణాలు చెప్పేయొచ్చు. పిల్ల ప్రాణమూ నిలిచేది, నా పేరూ నిలిచేది. నిజంగానే ఆ మాట నాలుక దాకా వచ్చింది. ఎందుకు మింగానో నాకు ఈ రోజుకీ తెలియదు. మంచితనం అని మాత్రం అనుకోకండి.

"చెప్పింది," అన్నాను. "నాకు చెప్పింది."

డాక్టరమ్మ అడిగినవన్నీ చెప్పాను. పండుకుంటే ఊపిరి ఆడకపోవడం, కాళ్ళ వాపు, దవాఖానకు తీసుకుపొమ్మనడం. నేను తీసుకుపోకపోవడం కూడా చెప్పాను. ఆమె రాసుకుంది. గుండె స్కానింగ్ అదే రోజు చేయించింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో రవళి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. జగిత్యాల దాటాక అడిగింది.

"గా వీడియోల సౌండ్ నిజంగనే పోయిందా?"

"లేదు బిడ్డా. ఉన్నది."

ఇంటికొచ్చాక క్యాసెట్ తీసి, అన్ని వైర్లూ పెట్టి ఇచ్చాను. నువ్వు బయటికి పో అంది. వాకిట్లో నిలబడ్డాను. తలుపు సందులోంచి ముందు నా గొంతే వినపడింది. ఎంత గట్టి గొంతు నాది. తర్వాత స్వరూపది. తర్వాత అంతా వదిలేసి రవళి ఒక్క ముక్కనే తిప్పి తిప్పి వేసుకుంది. ఏడ్వకు బిడ్డా. ఏడ్వకు బిడ్డా. అట్లా ఎంతసేపు విన్నదో. బయటికి వచ్చి మొహం కడుక్కుని అల్లుడికి ఫోన్ చేసింది, వచ్చి తీసుకుపొమ్మని. పోయేముందు నన్ను ఒకటే అడిగింది.

"బాపుకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

నేనే చెప్పాను. వాడు అంతా విన్నాడు. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఫోన్ పెట్టేశాడు, ఆ తర్వాత ఎత్తడం లేదు.

స్కానింగులో గుండె కొంచెం నీరసంగా ఉందని తేలింది. మందులిచ్చారు. కాన్పు కరీంనగర్‌లోనే, గుండె డాక్టరును పక్కన పెట్టుకుని చేశారు. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమమని అల్లుడు ఒక మెసేజ్ పెట్టాడు. కాన్పు తర్వాత కూడా నెలల తరబడి పరీక్షలు చేయించుకోమన్నారట, చేయించుకుంటోందట. ఇవన్నీ నాకు వాళ్ళూ వీళ్ళూ చెప్పినవి. తొట్టెలకు నన్ను పిలవలేదు. నేను అడగలేదు, అడగను.

క్షమించమని మిమ్మల్ని కోరడం లేదు. క్షమించే హక్కు ఉన్నవాళ్ళలో ఒకరు లేరు, ఉన్నవాళ్ళను నేను కోరలేను. ఒక్కటి మాత్రం చెప్పాలి, ఇది కూడా ఒప్పుకోలే అనుకోండి. అంతా పోయినా ఛాతీలో ఏదో తేలికగా ఉంది. ఆ తేలిక నాకు సిగ్గుగా ఉంది, అయినా ఉంది.

చెప్పకుండా ఉంటే ఈపాటికి ఆ పాప నా ఒళ్ళో ఉండేది. దాని తల్లి ఉండేదో లేదో నాకు తెలియదు.