214/2 అని కొడితే వచ్చిన గుంట

దయ్యం పట్టిందని ఎవరైనా అంటే ముందు బీపీ చూపించుకోమని చెప్పే రకం నేను. మా వీధిలో ఏ గుమ్మానికి నిమ్మకాయలు కట్టినా నవ్వుతాను. ఇప్పటికీ నవ్వుతాను. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం నవ్వు రావడం లేదు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది దాచేపల్లికి దగ్గర్లో ఒక ఊరు. సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ప్లాన్లు గీసే ఉద్యోగం. సెలవు దొరికితే ఇంట్లో పాత కంప్యూటర్ మీద కొండలు, మబ్బులు పుట్టించడం నా పిచ్చి. గీయడం కాదు, పుట్టించడమే. ఒక చదరం తీసుకుని దాని మధ్యభాగాన్ని కొంచెం పైకో కిందికో జరపాలి. అప్పుడు నాలుగు చిన్న చదరాలవుతాయి. వాటి మధ్యల్ని ఇంకాస్త తక్కువగా జరపాలి. ఇలా పది అంచెలు వెళ్ళేసరికి తెర మీద అచ్చం మన పల్నాడు గుట్టే ఉంటుంది. అదే లెక్కకు తెల్లరంగు వేస్తే మబ్బు.

ఎంత జరపాలో కంప్యూటరే చీట్లు తీసినట్టు తేల్చుకుంటుంది. అయితే దానికి మొదట ఒక నెంబరు ఇవ్వాలి. దాన్ని సీడ్ అంటారు, అంటే విత్తనం. అదే నెంబరు మళ్ళీ ఇస్తే, రేపైనా పదేళ్ళ తర్వాతైనా, ఒక్క రాయి పక్కకు జరగకుండా అదే కొండ రావాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక మా అన్న. ఆరేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు. నాన్న పోయాక సర్వే నెంబరు 214లో ఉన్న పొలం పంచుకుంటే రాళ్ళ సగం నాకు, నల్లమట్టి సగం వాడికి వచ్చాయి. పెద్దమనుషుల్ని ముందే మంచి చేసుకున్నాడని నా అనుమానం. అనుమానమేంటి, నమ్మకమే. వాడి ముక్కకు 214/2 అని నెంబరు పడింది. రోజూ మా ఇంటి ముందు నుంచే ట్రాక్టరేసుకుని అక్కడికి పోతాడు. తల తిప్పడు. నేనూ తిప్పను.

మొన్న ఎండాకాలం ఆ పొలంలో ఇల్లు మొదలుపెట్టాడు. పునాదులు తీస్తున్నారని తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు. ఆ ఆదివారం నా ప్రోగ్రాంలో విత్తనం దగ్గర, పాసుపుస్తకంలో ఉన్నట్టే 214/2 అని కొట్టాను. వాడి నేల మీద ఏం మొలుస్తుందో చూద్దామని. చిన్నబుద్ధే, ఒప్పుకుంటాను.

చిన్న మెరక వచ్చింది. దాని నడుమ ఒక గుంట.

నా లెక్కలో వచ్చేవన్నీ అంచులు గరుకుగా, చిరిగిన కాగితంలా ఉంటాయి. ఇది గుండ్రంగా, బావి తవ్వినట్టు ఉంది. అలాంటి ఆకారం ఆ లెక్కలో పుట్టదు. లైను లైను వెతికాను, తప్పు దొరకలేదు. మూడుసార్లు నడిపితే మూడుసార్లూ అక్కడే వచ్చింది. ప్రింటు తీశాను.

నా భార్య సరోజకు చూపించి, మా అన్న ఇంటి కింద గొయ్యి చూడమని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"బావగారికి ఒక మాట చెప్పు. నిజమో కాదో తర్వాత సంగతి. మన నేల కింద అంతా సున్నపురాయే గదా" అంది.

"నేనేంది వాడికి చెప్పేది? చేతబడి చేశానంటాడు" అన్నాను.

అది సాకు. ఆ గుంట నిజమైతే బాగుండునని నాకు లోపల ఉంది. మనిషి పోవాలని కాదు. పునాది కూలాలి, ఊరంతా వచ్చి చూడాలి. వారం రోజులు ఫ్యాక్టరీ నుంచి వస్తూ ఆ పొలం వైపు చూసుకుంటూ వచ్చాను.

తర్వాతి ఆదివారం పొద్దున పదింటికి, చెవుల్లో పాటలు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సరోజ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. కరెంటు పోయి పాట ఆగింది. ఇయర్‌ఫోన్లు తీసేసరికి పెరట్లో మగగొంతు. మా ఇంట్లో ఆరేళ్ళుగా వినపడని గొంతు.

వెళ్ళి చూస్తే దండెం కింద నేల లేదు. గుండ్రంగా, బావిలాంటి గుంట. రెండు నిలువుల లోతున సరోజ, నడుం దాకా మట్టిలో. అన్న అంచున బోర్లా పడుకుని ట్రాక్టరు మోకు లోపలికి వదులుతున్నాడు. రోడ్డు మీద పోయేవాడికి ఆమె కేక వినపడింది. గదిలో ఉన్న నాకు వినపడలేదు.

"చూస్తావేందిరా, పట్టు!" అన్నాడు.

ఇద్దరం లాగాం. కాలు విరిగింది, మనిషి దక్కింది. ఆటో ఎక్కించి, మోకు చుట్టుకుని, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆమెను ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు ప్రోగ్రాం తెరిచాను. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. పాసుపుస్తకంలో ఆ అడ్డగీత అంటే రెండో ముక్క. కంప్యూటర్‌కు ఆ గీత అంటే భాగహారం. అది 214ను రెండుతో భాగించి 107ను విత్తనంగా వేసుకుంది. మా ఇల్లున్న స్థలం సర్వే నెంబరు 107.

తర్వాత 107 అని కొట్టాను. అదే మెరక, అవే ఒంపులు. గుంట లేదు. 214/2 అని కొట్టాను. లేదు. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చలేదు నేను. బీరువాలో ఉన్న ప్రింటులో మాత్రం గుంట ఉంది.

ఫ్యాక్టరీలో రాయిని పరీక్షించే ఇంజనీరు వచ్చి చూశాడు. సున్నపురాయిని నీళ్ళు లోపల తినేస్తే పై నేల ఇలాగే కూలుతుందన్నాడు. గుంట సంగతి అంతవరకు సరే. ప్రింటు చూపిస్తే తిప్పి తిప్పి చూసి ఇచ్చేశాడు.

సరోజ ఏదీ దాచుకునే మనిషి కాదు. చూడడానికి వచ్చిన వదినకు మొత్తం చెప్పేసింది. మర్నాడు ట్రాక్టరు మా వాకిట్లో ఆగింది. అన్న దిగలేదు, ఇంజను ఆపలేదు.

"వారం ముందే తెలుసంట గదా నీకు?"

నేను గుమ్మం దిగి ట్రాక్టరు దగ్గరికి వెళ్ళాను.

"నా పొలంలో అనుకునే గదరా, నువ్వు చెప్పలా?"

గేరు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ గుంట బొమ్మలోకి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ప్రోగ్రాములు తెలిసినవాళ్ళు ఎవరొచ్చినా ప్రింటు చూపించి అడుగుతూనే ఉన్నాను. అన్న అడిగిన దానికి మాత్రం జవాబు నాకు తెలుసు. ఇంతవరకూ వెళ్ళి చెప్పలేదు.